గువ్వలదిబ్బ మీద పచ్చదీపం

2019 నవంబరు పదిహేడు, ఆదివారం. ఆ రోజు విశ్వపతీ ఆయన భార్య హైమవతీ గువ్వలదిబ్బ కొండ దిగువన, టూరు బస్సు మెట్టు మీద కూర్చుని దిబ్బరొట్టె, అల్లం పచ్చడి తిన్నారు. రొట్టె ఒక పక్క మాడింది. హైమవతి ఆ మాడిన పక్క తాను తీసుకుని, ఎర్రగా కాలిన పక్క భర్తకు ఇచ్చింది. "నాకు మాడిందే ఇష్టం" అంది. ఆ మాట నిజమో కాదో అప్పటికి పాతికేళ్ళ కాపురంలో ఆయనకు ఎన్నడూ తేలలేదు.

తిన్నాక కొండ ఎక్కారు. రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం అది. ఇటుక స్తూపం, రాతిలో తొలిచిన గదులు. ఎండ మండిపోతోంది. చివరి గదికి వచ్చేసరికి హైమవతి "ఇక నా వల్ల కాదు, మీరు చూసి రండి" అంటూ లోపల ఉన్న రాతి అరుగు మీద కూలబడింది. కిటికీ లేని గది. పట్టపగలు కూడా చీకటి. విశ్వపతి కొండంతా తిరిగి వచ్చేసరికి ఆమె గోడకు చేరగిలబడి నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. బస్సువాళ్ళు కేకలు వేసేదాకా ఆయన అలాగే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మరుసటి ఏడు ఆ గదికి తలుపు బిగించి తాళం వేశారు. ఆ అరుగు మీద మళ్ళీ ఎవరూ కూర్చోలేదు.

ఆ రోజు గడిచి ఇరవై రెండేళ్ళయింది. హైమవతి పోయి మూడేళ్ళు. వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరైన విశ్వపతికి డెబ్బై వచ్చాయి. మళ్ళీ ఒక టూరు బస్సులో, మళ్ళీ గువ్వలదిబ్బకే బయల్దేరాడు.

బస్సులో పక్కసీటు బంగారమ్మది. బొబ్బిలి మనిషి. అరవై దాటిన మోకాళ్ళు మొరాయిస్తున్నా నోరు మాత్రం కుర్రది. బస్సు విశాఖ పొలిమేర దాటకముందే ఆయన సంగతంతా లాగేసింది.

"అయితే ఏటండీ మాస్టారూ, మీ ఆవిడ కూకున్న సోటు ఇప్పుడు ఆ పచ్చదీపం ఎట్టి సూపిత్తారా?"

"చూపిస్తామన్నారండి."

"మొహం కనపడతాదా?"

"మొహం కనపడదు. ఒంటి వేడి తగిలిన మేరకు కనపడుతుంది. కూర్చున్న చోటు, చెయ్యి ఆనించిన చోటు."

బంగారమ్మ ఒళ్ళో సంచి సర్దుకుంది. "సెయ్యి కనపడితే సాలు కదండీ. మొహాలకేటి, ఫొటోల్లో ఉంటాయి. సెయ్యిని ఎవుడు ఫొటో తీస్తాడు?"

విశ్వపతి ఆవిడ వైపు తిరిగి చూశాడు. తాను ఇన్నాళ్ళూ ఎవరికీ విడమరిచి చెప్పలేకపోయిన మాట అది. ఇంట్లో ఆల్బముల నిండా హైమవతి ఉంది. అన్నిటిలోనూ కెమెరా వైపు చూస్తూ, కొంగు సర్దుకుని, ఎవరో చూస్తున్నారన్న ఎరుకతో ఉంది. ఆ చీకటి గదిలో మాత్రం ఎవరూ చూడటం లేదనుకుని కూర్చుంది.

కొండ దిగువన టూరు మేనేజరు దాలినాయుడు ఈల ఊది అందరినీ ఒకచోట చేర్చాడు. చేతిలో పెద్ద ప్లాస్టిక్ డబ్బా.

"ఫోన్లు, టార్చీలు, కెమెరాలు అన్నీ ఇందులో ఎయ్యండి. పైన ఎవులైనా ఎలుగు సూపించినారంటే నా ఉద్యోగం పోద్ది. అప్పుడు మీ ఇంటికే వచ్చి కూకుంటాను. మూడు పూటలా ఎట్టాల."

"ఎట్టడానికేటి బాబూ, మా కోడలినడుగు. నాకే సరిగ్గా ఎట్టదు" అంది బంగారమ్మ. అందరూ నవ్వారు. ఆవిడ సంచిలోంచి రెండు ఫోన్లు, ఒక టార్చీ తీసి డబ్బాలో వేసింది. తాళాల గుత్తికి వేలాడుతున్న బొటనవేలంత లైటు గుర్తొచ్చి, అదీ ఊడదీసి వేసింది.

పైకి ఎక్కుతుంటే విశ్వపతికి ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళ తర్వాత వస్తే కొండ చిన్నదిగా కనిపిస్తుందేమో అనుకున్నాడు. ఇంకా పెద్దదైంది. స్తూపం చుట్టూ పేర్చిన ఒక్కో ఇటుకా మూరెడు పొడవుంది. పచ్చిగా ఉన్నప్పుడు తొక్కిన కుక్క అడుగు ఒకదాని మీద అచ్చుపడి ఉంది. ఆ కుక్కను అదిలించిన మనిషిని కూడా ఆయన ఊహించుకున్నాడు. కొండ మీద పడిన వాన బొట్టు కూడా వృథా పోకుండా రాతిలో సన్నటి కాలువలు తొలిచి, నాలుగు తొట్లలోకి మళ్ళించారు. జీవితమంతా వానలు కొలిచిన మనిషి కనుక విశ్వపతి ఒక కాలువ పక్కన గొంతుక్కూర్చుని, దాని వాలు మీద వేలు ఆనించి చాలాసేపు చూశాడు. ఎక్కడా నీళ్ళు నిలిచే పల్లం లేదు.

"మా అపార్టుమెంటు కట్టి నాలుగేళ్ళు కాలేదండీ, మెట్లన్నీ పెచ్చులూడిపోతన్నాయి" అన్నాడు వెనకనుంచి ఎవరో, పై మెట్టును చేత్తో తడుముతూ. "ఈ మేస్త్రీ ఇప్పుడుంటే ఎంత బావుణ్ణు."

భోజనశాల అనే పొడవాటి రాతిగది దగ్గర డాక్టర్ పైడితల్లి వాళ్ళకు ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కొండ కింద ఊరి పిల్లే. పచ్చదీపాన్ని తయారుచేసిన బృందంలో ఆమె ఒకరు, ఇప్పుడు ఇక్కడ దాన్ని నడిపేది ఆమే. రెండు నల్ల తెరలు దాటించి అందరినీ లోపల చాప మీద కూర్చోబెట్టింది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక తలా ఒక దళసరి కళ్ళజోడు ఇచ్చింది.

"ఈ రాతిలో మెరిసే రేణువులుంటాయండి. చీకట్లో ఉన్నంతకాలం తమకి తగిలిన ఒంటి వేడిని దాచుకుంటాయి. కొత్తది పైన, పాతది లోపల. కాస్త మంట వెలుగు తగిలినా పై పొర చెరిగిపోతుంది, రోజూ ఎండ పడితే లోపలిదాకా మొత్తం మర్చిపోతాయి. అందుకే బయట స్తూపం దగ్గర ఏమీ మిగల్లేదు. ఎర్రదీపం ఒక్కటే వాటిని కదపదు. ఇప్పుడు చూడండి."

గ్యాసు పొయ్యంత యంత్రం ముక్కాలిపీట మీద ఉంది. ఆమె ఏదో తిప్పింది. పచ్చటి వెలుగు గోడవార ఉన్న పొడవాటి అరుగు మీద మెల్లగా పాకింది.

అరుగు వెలిగింది. ముందు మసగ్గా, తర్వాత స్పష్టంగా, నీలం రంగులో వరసగా మనుషులు కూర్చున్న గుర్తులు. ఒకరి పక్కన ఒకరు, ఒకే ఎడంతో, భోజనానికి కూర్చున్న భిక్షువులు. నేల మీద వాళ్ళ మడమలు. ప్రతి మడమ పక్కనా గిన్నె దించిన గుండ్రటి వెచ్చదనం. వరస చివర ఒక జత మడమలు మాత్రం చిన్నవి. అవి కుదురుగా లేవు. అటూ ఇటూ జరిగి, ఒకదాని మీద ఒకటి పడి, చెదిరిపోయి ఉన్నాయి.

"ఓలమ్మా, పిల్లడు!" అంది బంగారమ్మ. "కూడు ఎప్పుడెడతారా అని కాళ్ళాడిస్తన్నాడు!"

గదంతా నవ్వింది. రెండువేల ఏళ్ళ కిందటి ఆకలికి నవ్వడం ఎంత బాగుందో అనుకున్నాడు విశ్వపతి. ఆయన కళ్ళు చెమర్చాయి. అంతలోనే నీలం పలచబడి, గిన్నెలు ముందూ మడమలు వెనకా మాయమై, అరుగు మళ్ళీ రాయైపోయింది.

"ఇంకొక్కసారి వెయ్యమ్మా" అన్నారెవరో.

"ఇక లేదండీ. దీపం తగిలితే దాచుకున్నదంతా ఇచ్చేస్తుంది. ఫొటో వచ్చింది, మీ అందరికీ పంపిస్తాం. రాతిలో మాత్రం ఇక లేదు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టి సగంలో ఆపేశారు.

"యంత్రం కొత్తలో మేం పాతవాటి కోసమే తొందరపడ్డాం" అంది పైడితల్లి. "పై పొరని చూడకుండానే తుడిచేసేవాళ్ళం. ఇప్పుడు మా ఊరివాళ్ళొచ్చి అడుగుతారు. ఈ గదులు తవ్వి బయటికి తీసినప్పుడు మా అమ్మ కూలికొచ్చింది, తట్ట దించి ఇక్కడే కూకునేది, ఒకసారి చూపించు అంటారు. ఏం చూపిస్తాం?"

విశ్వపతి కోరికను ఆమె ఎందుకు కాదనలేదో ఆయనకు అప్పుడు అర్థమైంది.

మూడు నెలల కిందట ఆయన ఆమెకు ఫోన్ చేశాడు. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి, పేపర్లో పచ్చదీపం గురించి చదివి, ఆ కింద ఉన్న నంబరుకు అప్పటికప్పుడే చేశాడు. ఒంటరి వంట ఆయనకు అలవాటైపోయింది. వీధి చివర కూరగాయల అతను రెండు వంకాయలు అడిగినా మొహం చిట్లించకుండా తూచి ఇస్తాడు. ఎదురింటివాళ్ళు పొద్దుగూకగానే ఆయన గుమ్మం ముందు లైటు కూడా తామే వేసేస్తారు. లోకం ఆయన పట్ల దయగానే ఉంది. అయినా పగలంతా మాట్లాడటానికి మాట ఉండదు. ఆ రోజు మాత్రం ఆగకుండా మాట్లాడాడు. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"ఆ గదిని ఈ ఏడు ఎలాగూ పచ్చదీపంతో చదవాలి మాస్టారూ" అంది పైడితల్లి అంతా విని. "పై పొర తుడవకుండా ముందు మీకు చూపిస్తాను. కానీ ఒక్క మాట. చూస్తే పోతుంది. అదొక్కటీ ఆలోచించుకోండి."

"చూడకపోతే మాత్రం ఏం లాభమమ్మా? ఆమె అక్కడెక్కడో చీకట్లో కూర్చుని ఉందని తెలిశాక నాకు ఇంట్లో నిలవబుద్ధి కావడం లేదు."

భోజనాలయ్యాక చివరి గదికి బయల్దేరారు. దారి ఇరుకు, మెట్లు ఎత్తు. బంగారమ్మ మోకాళ్ళ సంగతి చూసి పైడితల్లి ఆవిడను ముందుగా నడిపించుకెళ్ళింది. ఎర్రదీపం పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి, అరుగు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, మిగతావాళ్ళ కోసం వెనక్కి వచ్చింది. గుమ్మం ముందు తెరల మధ్య అందరినీ నిలబెట్టి, కళ్ళజోళ్ళు పంచి, వరసలో ముందు విశ్వపతిని పెట్టింది. చీకట్లో తడబడకుండా ఆయన మణికట్టు పట్టుకుంది.

"రండి మాస్టారూ."

లోపలి తెర తొలగించగానే కర్పూరం వాసన గుప్పుమంది.

పైడితల్లి ఆగిపోయింది. ఆమె వేళ్ళు ఆయన మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. గదిలో మంట లేదు. అప్పుడే ఆరిన పొగ మాత్రం ఉంది.

"వచ్చినారా మాస్టారూ" అంది చీకట్లోంచి బంగారమ్మ గొంతు, సంబరంగా. "మీ ఆవిడికి బొట్టెట్టినాను. అరుగు మీద కర్పూరం ఎలిగించి హారతిచ్చినాను. పుణ్యస్త్రీ కదండీ, ఉత్తి సేతుల్తో ఎలా సూస్తాం? టార్చీ గట్రా ఏటీ ఎయ్యనేదు సుమండీ. అన్నీ డబ్బాలోనే ఏసీసినాను."

వెనక దాలినాయుడు "ఓలమ్మో..." అని గట్టిగా మొదలుపెట్టాడు. విశ్వపతి చెయ్యి వెనక్కి చాచి, చేతికి దొరికిన చొక్కాను గట్టిగా పట్టుకున్నాడు. దాలినాయుడు నోరు మూసుకున్నాడు.

విశ్వపతి ఆ చొక్కా వదల్లేదు. ఇరవై రెండేళ్ళు చీకట్లో భద్రంగా ఉన్నది, తాను గుమ్మం దాకా వచ్చాక పోయింది. ముందు కోపం వచ్చింది. ఎన్నేళ్ళుగానో ఎరగనంత కోపం. పెద్దగా అరవాలనిపించింది. బంగారమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, కర్పూరం బిళ్ళలు సంచిలో ఎప్పుడూ ఉంచుకుంటాననీ, పేరు తెలియక 'అమ్మా' అన్నాననీ. ఆ గొంతు వింటుంటే ఆయనకు ఒకటి తోచింది. హైమవతి పోయిన తర్వాత అందరూ ఆయన మీద జాలిపడ్డారు. ఆమెకు ఏదైనా ఇచ్చుకోవాలని అనుకున్న మనిషి ఈవిడొక్కతే.

"మంచి పని చేశారండి" అన్నాడు. ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

పైడితల్లి ఆయన చెవి దగ్గరికి వంగింది. "పై పొర పోయింది మాస్టారూ. ఆపేద్దామా?"

"వద్దమ్మా. వాళ్ళంతా చూడాలని వచ్చారు. వెయ్యి."

అందరూ సర్దుకుని కూర్చున్నాక పచ్చటి వెలుగు అరుగు మీద పాకింది. ఏమీ కనిపించలేదు. నల్లగా, వెడల్పుగా, ఖాళీగా ఉంది రాయి. హైమవతి కూర్చున్న మేర ఎక్కడో విశ్వపతికి తెలుసు. అక్కడే చూపు నిలిపి ఊరుకున్నాడు. పైడితల్లి దీపాన్ని ఇంకా లోపలికి దించింది, ఇంకా లోపలికి.

రాతి అడుగునుంచి నీలం పైకి తేలింది.

అరుగు మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని. భుజం, తుంటి దగ్గర నీలం చిక్కగా ఉంది. ఎన్నో రాత్రులు లేవకుండా అలాగే పడుకున్న మనిషి. జబ్బు మనిషి. తల దగ్గర, అరుగు చివర ఇంకొకరు కూర్చున్నారు. జాగా చాలక ఒక తుంటి మీదే కూర్చున్నట్టుంది. నేల మీద పాదాలు, నిద్ర పట్టకుండా ఉండటానికి ఒకదాని మీద ఒకటి వేసుకున్న పాదాలు. పక్కన గిన్నె పెట్టిన చోటు. గంజి అయి ఉంటుంది. పడుకున్న మనిషి తల ఆనిన చోట, నుదుటి మీదినుంచి జారి రాతికి తగిలిన అరచేయి. ఒకసారి కాదు. ఒకదాని మీద ఒకటిగా ఎన్ని అరచేతులో, అన్నీ అక్కడే.



విశ్వపతికి ఆ కూర్చోవడం తెలుసు. హైమవతి మంచం పట్టిన పది నెలలూ ఆయన ప్లాస్టిక్ స్టూలు మీద అలాగే కూర్చున్నాడు. ఒక తుంటి మీద, పాదం మీద పాదం వేసుకుని. జ్వరం చూడటానికి చెయ్యి వేసి, చూడటం అయిపోయినా తియ్యకుండా ఉంచేవాడు. అలా కూర్చున్న మనిషి లోకంలో తానొక్కడే అని ఆ రాత్రుళ్ళలో ఆయనకు అనిపించేది. రెండువేల ఏళ్ళ ముందే ఎవరో ఈ చీకట్లో అచ్చం అలాగే కూర్చున్నారు. ఆ మనిషికి తోడుగా ఇప్పుడు తాను ఉన్నాడు, తనకు తోడుగా ఆ మనిషి.

"ఎవరై ఉంటారమ్మా? శిష్యుడా?" అనడిగారెవరో, గొంతు బాగా తగ్గించి.

"తెలీదండీ. రాయి పేర్లు చెప్పదు."

"అదిగో మాస్టారూ, సెయ్యి!" బంగారమ్మ ఆయన మోకాలు పట్టుకుని ఊపింది. "సూసినారా? సెయ్యి సూసినారా?"

ఆవిడ దాన్ని ఎవరి చెయ్యి అనుకుంటోందో ఆయనకు తెలుసు.

"చూశానండి" అన్నాడు. "బాగా చూశాను."

నీలం పలచబడింది. గిన్నె పోయింది, పాదాలు పోయాయి. అరచేతులు అన్నిటికంటే చివర పోయాయి.

సాయంత్రం అందరూ దిగిపోతుంటే విశ్వపతి వెనకబడ్డాడు. దాలినాయుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. బంగారమ్మకు చెయ్యి అందించి మెట్లు దింపుతూ, "ఈసారి కర్పూరం కూడా డబ్బాలో ఎయ్యమంటాను పిన్నీ" అన్నాడు.

"అదేటి బాబూ, దేవుడి హారతి ఎలుగెలా అవుద్ది?"

"అవదులే పిన్నీ. నువ్వు సూసి దిగు."

పైడితల్లి యంత్రం సర్దుతోంది. ఆయన గుమ్మంలో నిలబడితే ఎర్రదీపం పట్టుకుని దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఒకటి చూశాను. మీకు చెప్పాలా వద్దా అని ఇందాకటినుంచి..." ఆమె అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అరుగు అంచు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ఆ అంచు అడుగుభాగాన వేలు పెట్టి చూపించింది. "మంట పైన వెలిగింది, పచ్చదీపమూ పైనే పాకింది. ఇక్కడికి వెలుగు పడదు, నీడ. కూర్చున్నవాళ్ళు అంచు పట్టుకుంటే వేళ్ళు ఇక్కడ తగులుతాయి. మీ ఆవిడ పట్టుకున్నారో లేదో నాకు తెలీదు."

"పట్టుకుంటుంది" అన్నాడు విశ్వపతి వెంటనే. "బస్సు సీటైనా, గట్టయినా, ఎక్కడ కూర్చున్నా అంచు పట్టుకునే కూర్చుంటుంది. పడిపోతానేమోనని భయం."

"అయితే పై పొరలో ఉంటారు. నాలుగు వేళ్ళు. యంత్రం ఇంకా వేడిగానే ఉంది. వెయ్యమంటారా?"

ఆయన కష్టం మీద మోకాళ్ళు వంచి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎర్రటి మసక వెలుగులో అంచు అడుగున ఏమీ కనిపించలేదు. అక్కడ చెయ్యి పెట్టబోయి ఆగాడు. తన వేడి ఆమె వేడి మీద పడుతుందేమో. తర్వాత, పడితే మాత్రం ఏం అనుకున్నాడు. చెయ్యి చాచి, ఆమె కూర్చున్న చోట, అంచు కింద నాలుగు వేళ్ళూ ఆనించాడు. రాయి చల్లగా ఉంది. చాలాసేపు అలాగే ఉంచాడు.

"వద్దమ్మా" అన్నాడు చివరికి. "ఉండనీ."

"ఇక్కడ ఎవరూ చదవకుండా గుర్తు పెట్టిస్తాను మాస్టారూ."

"అదీ వద్దు. ఎప్పుడో ఎవరో వస్తారు. చూడనీ. ఎవరివో తెలియకపోతే ఏం? ఆ గంజి పట్టుకుని కూర్చున్న మనిషి ఎవరో మనకు మాత్రం తెలిసిందా?"

పైడితల్లి చెయ్యి ఇచ్చి ఆయనను లేపింది. ఇద్దరూ తెరలు దాటి బయటికి వచ్చారు. కొండ కింద సముద్రం మీద చీకటి పడుతోంది. ఆమె యంత్రాన్ని గోడవార దించి, వెనక్కి తిరిగి లోపలి తెర లాగింది, తర్వాత బయటి తెర లాగింది. నిద్రపోతున్న వాళ్ళున్న గది తలుపు వేసినట్టు, చప్పుడు కాకుండా, తలుపు దగ్గరికి వేసింది.